టెండర్‌లో మార్కులు ఎలా పెట్టాలి: ఓడినవాళ్లు అడిగినా జవాబు చెప్పగలిగేలా

చాలా ఏళ్ల కిందట గాజువాక నుంచి వచ్చిన ఒక చిన్న కాంట్రాక్టరు నా టేబుల్ ముందు నిలబడి అడిగాడు: "సార్, నాకు ఇరవైకి పదకొండే ఎందుకొచ్చాయి? ఆయనకి పదిహేడు ఎందుకొచ్చాయి?" గొడవకి రాలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు, వచ్చేసారి సరిచేసుకుందామని. ఫైలు తీసి చూశాను. "పని చేసే పద్ధతి: 20 మార్కులు" అని ఉంది, అంతే. కమిటీలో ముగ్గురం, ముగ్గురం మంచి మనసుతోనే మార్కులు వేశాం. కానీ పదకొండుకీ పదిహేడుకీ మధ్య ఏముందో ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ఏదో చెప్పి పంపించాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అతను మళ్లీ మా ఆఫీసులో టెండర్ వేయలేదు.

మీరు విశాఖలో ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా టెండర్ డాక్యుమెంటు రాసే కుర్చీలో కొత్తగా కూర్చుని ఉంటే, ఇది మీ కోసం రాస్తున్నాను. అవినీతిని ఎలా ఆపాలన్నది పెద్ద విషయం, దాని జోలికి ఇక్కడ వెళ్లను. నిజాయితీగా పనిచేసే అధికారి కూడా అన్యాయమైన టెండర్ రాయగలడు, తెలియకుండానే. అది జరక్కుండా చూసుకునే పద్ధతి ఇది.

ముందు: మీరు ఏ గొడుగు కింద ఉన్నారు?

మన ఊళ్లో ఒకే రోడ్డుకి అటూ ఇటూ వేర్వేరు నిబంధనలు నడుస్తాయి. పోర్టు, స్టీల్‌ప్లాంటు, రైల్వే, నేవీ వాళ్లకి కేంద్రం సూత్రాలు, వాటిమీద ఆయా సంస్థల సొంత మాన్యువల్స్. కేంద్రం సూత్రాలకి మూలం 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, జీఎఫ్ఆర్ అంటాం. జీవీఎంసీకి, రాష్ట్ర ఆసుపత్రులకి, కాలేజీలకి రాష్ట్ర ప్రభుత్వ జీవోలు. బయటి బ్యాంకు అప్పు ఇచ్చిన ప్రాజెక్టయితే ఆ బ్యాంకు నిబంధనలు కూడా వస్తాయి. హుద్‌హుద్ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కరెంటు తీగల్ని భూమి కిందికి దించినప్పుడు జరిగింది ఇదే. కాబట్టి పక్క ఆఫీసు టెండర్‌ని కాపీ కొట్టి పేర్లు మార్చకండి. వాళ్ల నిబంధన మీకు చెల్లకపోవచ్చు. నేను కింద చెప్పే అంకెలు ఎక్కువగా కేంద్రం సూత్రాల్లోవి. మీ జీవోతో ఒకసారి సరిచూసుకోండి.

తర్వాత ప్రశ్న: అసలు మార్కులు అవసరమా? సిమెంటు, ఏ4 కాగితం, ఐఎస్ఐ గుర్తున్న పైపు, ఇలాంటి వాటికి అక్కర్లేదు. స్పెసిఫికేషన్ సరిగ్గా రాసి, అది తీర్చినవాళ్లలో తక్కువ ధరకి, అంటే ఎల్1కి, ఇచ్చేయడమే న్యాయం. పని నాణ్యత మనిషిని బట్టి, పద్ధతిని బట్టి మారే చోటే మార్కులు. ఆసుపత్రి పారిశుధ్యం అలాంటిది. దాన్నే ఉదాహరణగా పట్టుకుందాం: విశాఖలో వంద పడకల ప్రభుత్వ ఆసుపత్రి, మూడు షిఫ్టులు, 50 మంది పనివాళ్లు, ఏడాది కాంట్రాక్టు.

పని చెడితే ఎవరికి నష్టం? అక్కడి నుంచి మొదలుపెట్టండి

టెండర్ రాసేముందు కంప్యూటర్ ముందు కూర్చోకండి. ఆసుపత్రికి వెళ్లండి. నర్సుని అడగండి, పాత కాంట్రాక్టులో ఏం ఇబ్బంది పడ్డారో. నాకు తెలిసి జవాబులు ఇలా ఉంటాయి: రాత్రి షిఫ్టులో ఎవరూ ఉండరు, ఒకే తుడిచే కర్రతో బాత్రూమూ వార్డూ తుడుస్తారు, సూదులు, పట్టీలు మామూలు చెత్తలో కలిపేస్తారు, సూపర్‌వైజరు ఫోనెత్తడు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. మీ మార్కులు వీటి నుంచే పుట్టాలి. "సంస్థ ప్రతిష్ఠ", "కార్పొరేట్ ప్రొఫైల్", "ఐఎస్ఓ సర్టిఫికెట్ల సంఖ్య" లాంటివి ఆ నర్సు నోట ఎప్పుడూ రావు. మరి మన టెండర్లలోకి ఎలా వస్తున్నాయి? పాత ఫైలు నుంచి.

గేటు వేరు, మార్కు వేరు

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. కొన్ని విషయాలు ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వకూడదు. పీఎఫ్, ఈఎస్ఐ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, బ్లాక్‌లిస్టులో లేనట్టు ప్రకటన లాంటివి గేటు షరతులు. ఉందా, లేదా, అంతే. వీటికి మార్కులివ్వకూడదు. ఎందుకంటే మార్కులిచ్చారంటే, అది లేకపోయినా వేరే చోట మార్కులు తెచ్చుకుని గెలవొచ్చని అర్థం.

బీచ్ రోడ్డులో దీపస్తంభాల సంగతే చూడండి. గాలి లెక్కల కోసం మనం వాడే భారతీయ ప్రమాణంలో విశాఖకి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న ఆ అంకె ఎందుకుందో ఊరంతా చూసింది. స్తంభం దాన్ని తట్టుకోవాలి. అది గేటు. "గాలిని బాగా తట్టుకుంటే 10 మార్కులు" అని రాస్తే, తట్టుకోని స్తంభం కూడా తక్కువ ధర చూపి గెలిచే దారి మనమే తెరిచినట్టు.

ఇక రెండో తప్పు, ఒకే విషయాన్ని గేటు దగ్గరా మార్కుల దగ్గరా లెక్కించడం. మూడేళ్ల అనుభవం ఉంటేనే లోపలికి రానిచ్చి, మళ్లీ ఏడాదికి రెండేసి మార్కులిస్తే, ఇరవై ఏళ్లుగా ఉన్న ఒక్క కంపెనీయే ప్రతిసారీ గెలుస్తుంది. అనుభవం గేటు దగ్గర చాలు.

గేటు ఎంత వెడల్పు?

సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో పనుల టెండర్ల కోసం ఇచ్చిన కొలత ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. గత మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనా వ్యయంలో కనీసం 30 శాతం. గత ఏడేళ్లలో అలాంటి పనులు: 40 శాతం విలువైనవి మూడు, లేదా 50 శాతానివి రెండు, లేదా 80 శాతానిది ఒకటి. కోటి రూపాయల పనికి టర్నోవర్ 30 లక్షలు చాలన్నమాట. మీ డ్రాఫ్టులో ఐదు కోట్ల టర్నోవర్ అడుగుతుంటే, ఎందుకో ఫైల్లో ఒక పేరా రాయగలరా అని చూసుకోండి. రాయలేకపోతే తగ్గించండి.

"అలాంటి పని" అంటే ఏమిటో కూడా మీరే చెప్పాలి. "పారిశుధ్య పని" అంటే మరీ వెడల్పు. మార్కెట్ యార్డు ఊడ్చినవాళ్లూ వస్తారు. "విశాఖ నగరంలో ప్రభుత్వ ఆసుపత్రి పారిశుధ్యం" అంటే ఒకరిద్దరే మిగులుతారు. "కనీసం 50 పడకలున్న ఏ ఆసుపత్రిలోనైనా, ప్రభుత్వమైనా ప్రైవేటైనా" అంటే పనికి సరిపడా ఉంది. ఊరి పేరు షరతుగా పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. వర్షాకాలం ముందు గెడ్డల పూడికతీతకి "ఈ జోన్‌లోనే చేసిన అనుభవం" అడిగిన డ్రాఫ్టు ఒకటి నా దగ్గరికి వచ్చింది. గెడ్డలో పూడిక ఏ జోన్‌లోనైనా పూడికే కదా. కొట్టేశాను. ఆ ఏడు ఇద్దరు కొత్తవాళ్లు వేశారు.

చిన్న పరిశ్రమలకీ స్టార్టప్‌లకీ కేంద్రం కొనుగోళ్లలో ఈఎండీ, అంటే బిడ్‌తోపాటు కట్టే ధరావతు, మినహాయింపు ఉంది. నాణ్యత, సాంకేతిక అర్హత తీరితే ముందస్తు అనుభవం, టర్నోవర్ షరతుల్ని సడలించే వీలూ ఉంది. సడలిస్తారో లేదో టెండర్‌లోనే స్పష్టంగా రాయండి. తర్వాత అడిగితే చెబుదాంలే అనుకోకండి.

మార్కుల్ని మెట్లుగా కట్టండి

ఇదే ఈ పని మొత్తానికి ప్రాణం. గాజువాక అతనికి నేను జవాబు చెప్పలేకపోయింది ఇక్కడే.

"పర్యవేక్షణ ఏర్పాట్లు: 25 మార్కులు" అని రాస్తే అది ప్రమాణం కాదు, శీర్షిక. ప్రమాణం ఇలా ఉంటుంది: మూడు షిఫ్టులకీ వేర్వేరు సూపర్‌వైజర్లు, పేర్లు, ఆసుపత్రి అనుభవ పత్రాలు జతచేస్తే 25. రెండు షిఫ్టులకి చూపితే 15. ఒక్కరినే చూపితే 5. ఎవరినీ చూపకపోతే సున్నా. ఇప్పుడు మార్కు వేసేవాడికి పని తక్కువ; కాగితాలు లెక్కపెడితే చాలు. బిడ్ వేసేవాడికీ ముందే తెలుసు, మూడో సూపర్‌వైజరుని పెడితే పది మార్కులు పెరుగుతాయని. అతను పెడతాడు. రాత్రి షిఫ్టులో మనిషి ఉంటాడు. నర్సు చెప్పిన మొదటి ఇబ్బంది తీరింది.

చెత్త వేరుచేయడం గురించి: 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం, నాలుగు రంగుల విభజన ఉంది. అది చట్టం కాబట్టి పాటించడం గేటు. కానీ పనివాళ్లకి శిక్షణ ఎలా ఇస్తారన్నదానికి మార్కులివ్వొచ్చు: పనిలో చేరకముందు శిక్షణ, ఆ తర్వాత మూడు నెలలకోసారి మళ్లీ, శిక్షణ ఇచ్చేవాళ్ల అర్హతతో సహా ప్రణాళిక ఇస్తే 25, చేరకముందు మాత్రమే అయితే 12, ప్రణాళిక లేకపోతే సున్నా. యంత్రాలకీ, వార్డుకో రంగు తుడుపు సామగ్రికీ ఇలాగే.

నాలుగైదు ప్రమాణాలు మించనివ్వకండి. పన్నెండు పెడితే ఒక్కోదానికి ఎనిమిదేసి మార్కులు వస్తాయి, అప్పుడు ముఖ్యమైనదీ కానిదీ ఒకే బరువు తూగుతాయి. ప్రజెంటేషన్‌కి మార్కులు పెట్టమని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కన్సల్టెంటుని ఎంచుకునేటప్పుడు దానికి అర్థముంది. ఆసుపత్రి ఊడ్చే పనికి స్లైడులు బాగా చేసినవాడికి మార్కులెందుకు? తెలుగులో తడుముకోకుండా పని వివరించగల మేస్త్రీ, ఇంగ్లీషు స్లైడుల ముందు మాట రాక నష్టపోవడం నేను చూశాను.

ఇంకొక్క మాట. మార్కు తెచ్చిపెట్టిన ప్రతి హామీ అగ్రిమెంటులోకి వెళ్లాలి, తప్పితే జరిమానాతో సహా. మూడు సూపర్‌వైజర్ల పేర్లతో గెలిచి, ఒక్కరినే పంపిస్తే, నిజాయితీగా ఇద్దరినే చూపి ఓడిపోయినవాళ్లకి మీరు చేసింది మోసమే అవుతుంది.

మార్కుని రూపాయల్లోకి మార్చి చూడండి

నాణ్యతకీ ధరకీ కలిపి మార్కులు వేసే పద్ధతిని క్యూసీబీఎస్ అంటాం. కన్సల్టెన్సీకి ఎప్పటినుంచో ఉంది. పనులకీ, ఇతర సేవలకీ కూడా వాడొచ్చని కేంద్ర ఆర్థికశాఖ 2021 అక్టోబరు 29న అనుమతించింది; కాకపోతే అది నాణ్యత ప్రధానమైన కొనుగోలని తగిన అధికారి ప్రకటించాలి, ధర కాని అంశాల బరువు 30 శాతం దాటకూడదు.

నాణ్యతకి 30, ధరకి 70 అని రాసి ఊరుకోకండి. ఆ అంకె డబ్బుగా ఎంతో లెక్కకట్టండి. మన ఆసుపత్రి టెండర్‌లో ఇద్దరు మిగిలారనుకుందాం. మొదటివారికి టెక్నికల్ మార్కులు 90, రెండోవారికి 75. రెండోవారి ధర ఒక కోటి 5 లక్షలు, అదే అన్నిటికన్నా తక్కువ. ధర మార్కు మామూలుగా ఇలా వేస్తారు: అన్నిటికన్నా తక్కువ ధరని ఈ బిడ్ ధరతో భాగించి వందతో గుణించడం. రెండోవారికి ధరలో 100. మొత్తం: 75లో 30 శాతం 22.5, నూటిలో 70 శాతం 70, కలిపి 92.5.

మొదటివారు కోటి 20 లక్షలు వేస్తే ధర మార్కు 87.5. మొత్తం 27, 61.25 కలిపి 88.25. ఓడిపోతారు. కోటి 10 లక్షలు వేస్తే దాదాపు 93.8తో గెలుస్తారు. గీత ఎక్కడుందో లెక్కిస్తే, దాదాపు కోటి 12 లక్షల 21 వేల దగ్గర. అంటే ఆ 15 టెక్నికల్ మార్కుల తేడాకి మీ ఆసుపత్రి 7 లక్షల 20 వేల దాకా ఎక్కువ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడు సూపరింటెండెంటుని అడగండి: "మూడో సూపర్‌వైజరు, మూడు నెలలకోసారి శిక్షణ, వీటికి ఏడాదికి ఏడు లక్షలు పెట్టొచ్చా?" ఆవిడ అవునంటే మీ బరువు సరైనదే. అంత ఎందుకంటే బరువు తగ్గించండి. ఈ ప్రశ్న టెండర్ వేయకముందు అడగాలి. ధరల కవర్లు తెరిచాక అడిగితే అది ఎవరో ఒకరి వైపు మొగ్గడమే.

అసాధ్యమైన ధర

పనివాళ్ల టెండర్లలో మరీ తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుందో మనకి తెలుసు: వాళ్ల జీతంలోంచి. కాబట్టి నేల ఎక్కడుందో ముందే లెక్కకట్టి ఫైల్లో పెట్టుకోండి. ఉదాహరణకి కనీస వేతనం నెలకి 14 వేలు అనుకుందాం. 50 మందికి 7 లక్షలు. యజమాని వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, కలిపి 1 లక్ష 13 వేల 750. ఏడాదికి 97 లక్షల 65 వేలు. ఫినాయిలు, యంత్రాలు, సెలవు పెట్టినవాళ్ల బదులు వచ్చే మనిషి, లాభం, ఇవేవీ ఇంకా కలపలేదు. 88 లక్షలకి ఎవరైనా వేశారంటే, ఆ తేడా ఎవరి కంచంలోంచి వస్తుంది?

అలాంటి బిడ్‌ని చూడగానే కొట్టేయకూడదు. రాతపూర్వకంగా వివరణ అడగాలి, లెక్క చూపమనాలి. చూపలేకపోతే తిరస్కరిస్తామని టెండర్‌లోనే రాసి ఉండాలి. సర్వీస్ చార్జీ, అంటే కాంట్రాక్టరు తనకంటూ వేసుకునే మొత్తం, సున్నా అని వేసిన బిడ్‌ని పరిగణించకూడదన్న నిబంధన కూడా స్పష్టంగా పెట్టండి. లేకపోతే అందరూ సున్నా వేసి, చివరికి లాటరీ తీయాల్సి వస్తుంది.

కొన్న రోజు ధర ఒక్కటే ధర కాదు

వస్తువులు కొనేవాళ్లకి ఇది. వీధిదీపాలు రెండు రకాలు, వెలుగు సమానం. ఒకటి 90 వాట్లు, 4,000 రూపాయలు. ఇంకొకటి 70 వాట్లు, 4,900. ఎల్1 అంటే మొదటిది. కానీ రాత్రంతా వెలిగే దీపం ఏడాదికి సుమారు 4,000 గంటలు వెలుగుతుంది. 20 వాట్ల తేడా అంటే 80 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఏడాదికి 560, ఏడేళ్లకి 3,920. దీపానికి 900 ఆదా చేసి దాదాపు నాలుగు వేలు పోగొట్టుకున్నట్టు. 200 దీపాలకి కొనుగోలులో లక్షా 80 వేలు మిగిలి, కరెంటు బిల్లులో 7 లక్షల 84 వేలు పోతాయి.

కాబట్టి పోల్చే ధర అంటే కొనుగోలు, ఏడేళ్ల కరెంటు, నిర్వహణ అని టెండర్‌లోనే సూత్రం రాయండి: గంటలెన్ని, యూనిట్ ధరెంత, ఏళ్లెన్ని. వాట్లు ప్రయోగశాల నివేదికలోవే తీసుకుంటామనీ రాయండి. సముద్రం పక్కన వార్డులకి, జాలారిపేట నుంచి భీమిలి దాకా, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఉప్పునీటి తుంపర పరీక్ష నివేదిక అడగండి; అది గేటు. బ్రాండ్ పేరు రాయకండి. తప్పనిసరైతే "లేదా దానికి సమానమైనది" అని చేర్చి, ఏ విషయంలో సమానమో చెప్పండి.

పబ్లిష్ చేయకముందు ఉత్తుత్తి మూల్యాంకనం

దీనికి ఒక్క మధ్యాహ్నం చాలు. పాత టెండర్ నుంచి మూడు బిడ్లు తీసుకోండి, పేర్లు కాగితం అంటించి మూసేయండి. ఈ టెండర్‌తో సంబంధం లేని ఇద్దరు సహోద్యోగులకి మీ కొత్త ప్రమాణాలిచ్చి విడివిడిగా మార్కులు వేయమనండి. మాట్లాడుకోనివ్వకండి. ఒకే బిడ్‌కి ఇద్దరి మార్కులూ ఐదుకి మించి తేడా వస్తే, తప్పు వాళ్లది కాదు, మీ వాక్యానిది. ఏ వాక్యం దగ్గర విడిపోయారో అడిగి దాన్ని తిరగరాయండి. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు "తగినన్ని యంత్రాలు" అన్న మాట దగ్గర ఒకరు 18, ఒకరు 7 వేశారు. "తగినన్ని" పోయి, ఏ యంత్రం ఎన్ని అన్న పట్టిక వచ్చింది.

ఒకసారి చెప్పాక మార్చకండి

జీఎఫ్ఆర్ ప్రకారం బహిరంగ టెండర్‌కి మామూలుగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. ప్రీబిడ్ మీటింగ్, అంటే బిడ్ వేయకముందు సందేహాలు అడిగే సమావేశం, మొదటి వారంలోనే పెట్టండి. అక్కడ వచ్చిన ప్రతి ప్రశ్న, జవాబు పోర్టల్‌లో అందరికీ కనబడాలి. ఫోన్‌లో ఒకరికి చెప్పిన స్పష్టత మిగతావాళ్లకి అన్యాయం. ప్రమాణం మార్చాల్సి వస్తే కొరిజెండం, అంటే సవరణ ప్రకటన, వేసి, గడువు కూడా పొడిగించండి.

గడువు దాటాక మాత్రం ఏ షరతునీ సడలించకండి, ఎంత చిన్నదైనా. దీని వెనక 1979 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, రమణ దయారామ్ శెట్టి కేసు. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు నడపడానికి టెండర్. కనీసం ఐదేళ్ల అనుభవమున్న, రిజిస్టరైన సెకండ్ క్లాస్ హోటల్‌వాళ్లే వేయాలన్నారు. చివరికి ఆ అర్హత లేనివాళ్లకి ఇచ్చారు, వాళ్లకి క్యాంటీన్లు నడిపిన అనుభవమే ఉంది. ఆలస్యంగా వచ్చాడనీ, అతని ఆసక్తి నిజమైనది కాదనీ పిటిషనరుకి ఊరట దక్కలేదు కానీ, కోర్టు సూత్రం స్పష్టంగా చెప్పింది: ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన ప్రమాణానికి తానే కట్టుబడాలి. నన్ను ఆలోచింపజేసింది పిటిషనరు వాదన: ఆ షరతు సడలుతుందని తెలిస్తే నేనూ టెండర్ వేసేవాణ్ని కదా! షరతు చూసి వెనక్కి తగ్గినవాళ్ల పేరు మీ ఫైల్లో ఎక్కడా ఉండదు. తర్వాత సడలిస్తే మొదట నష్టపోయేది వాళ్లే.

మార్కులు వేసే రోజు

కమిటీ సభ్యులకి ఏ బిడ్డరుతోనూ బంధుత్వం, వ్యాపార సంబంధం లేదని ముందే సంతకాలు తీసుకోండి. ఎవరికి వాళ్లు విడిగా మార్కులు వేయాలి, పక్కన ఒక వాక్యం కారణంతో: "రెండు షిఫ్టులకే సూపర్‌వైజర్ల పత్రాలున్నాయి, పేజీ 34." ఆ తర్వాతే కూర్చుని మాట్లాడుకోవడం. చర్చలో ఎవరైనా మార్కు మార్చుకుంటే పాతది కనబడేలా గీత కొట్టి, కారణం రాసి, సంతకం. టెక్నికల్ మార్కులు ప్రకటించేదాకా ప్రైస్ బిడ్లు తెరవకూడదు. ధర తెలిశాక ఎవరి చెయ్యీ నిష్పక్షపాతంగా ఉండదు, నాదీ ఉండదు.

చివరిగా, ఓడినవాళ్లకి ఉత్తరం. "మీ బిడ్ ఎంపిక కాలేదు" అన్న ఒక్క లైను కాదు. ప్రమాణాలవారీగా వాళ్ల మార్కు, ఏ మెట్టు దగ్గర ఆగారో, ఏ పత్రం లేకపోవడం వల్లో. ఇతరుల వ్యాపార రహస్యాలు వద్దు, వాళ్ల లెక్క వాళ్లకి చాలు. పైన చెప్పినట్టు మెట్లు కట్టి ఉంటే ఈ ఉత్తరం పది నిమిషాల పని. మార్కుల షీటులో కారణాల వరుసని దించి రాస్తే సరిపోతుంది. అడిగేదాకా ఆగకుండా, వర్క్ ఆర్డర్ ఇచ్చిన రోజే దాన్ని కూడా పంపండి.